మూరతో కొలిచిన స్టెప్నీ

ముందే చెప్తా ఉండా, ఎవరూ నవ్వకూడదు. నవ్వినోళ్ళకు రేపట్నుంచి నా అంగట్లో మూర పూలు కూడా దొరకవు. టీ తాగతా గమ్మున వినండి.

మొన్న బేస్తవారం పలమనేర్లో మా చెల్లెలి కూతురికి చెవులు కుట్టించినారు. మా చెల్లెలు సులోచనకు నేను ఒక్కడే అన్నను. ఆ బిడ్డకు నేను ఒక్కడే సొంత మేనమామను. మరి ఆ బిడ్డ ఎవరి ఒళ్ళో కూర్చోని చెవులు కుట్టించుకునిందో తెలుసునా మీకు? ఆ పేరు నోట్లోకి వస్తేనే నాకు పండ్లు పటపటమంటాయి. అదంతా ఒక చక్రం వల్ల అని నేనంటా. చక్రం పాపం ఏం చేసింది, నీ చెయ్యి వల్ల అని మా ఆవిడ కస్తూరి అంటాది. రెండు దినాలుగా ఇంట్లో ఇదే పంచాయితీ.

మన పక్క సంగతి మీకు తెలిసిందే. మేనమామ పీట మీద కూర్చోని బిడ్డను ఒళ్ళో పెట్టుకుంటేనే ఆచారి సూది ఎత్తుతాడు. మామ లేకపోతే ఆ పని జరగదు. నాలుగేండ్ల కింద మా చెల్లెలి పెద్దోడికి పుట్టెంటికలు తీసిన దినం నేను పూల వ్యాన్లో పోయి గంట లేటైనా. గంటంటే గంటే. నేను పోయేసరికి నా జాగాలో మా పెదనాయన కొడుకు గోవిందు కూర్చోనుండాడు. పలమనేర్లోనే ఉంటాడు కదా, పిలిస్తే పలికే దూరం. పెదనాయన కొడుకు కూడా మామే, కాదన్ను. కానీ నేను గడపలో నిలబడుంటే కూడా లేవలేదప్పా వాడు. పైగా, "బిన్నా రావాల మునీ, మంగలాయన ఎంతసేపని కాచుకుంటాడు?" అని నాకే బుద్ధి చెప్పినాడు. ఆ పొద్దు నుంచి నాకూ వాడికీ మాటల్లేవు.

అందుకనే ఈసారి చెల్లెలు ఫోన్ చేసి, "అన్నా, ముహూర్తం పదిన్నర నుంచి పదకొండు దాకా. ఆచారికి అదే పొద్దు ఇంకో ఇల్లు ఉండాదంట, పదకొండు కొడితే ఆయన ఆగడు. ఈసారన్నా నువ్వు కూర్చో అన్నా," అనేసరికి నాకు కండ్లలో నీళ్ళు తిరిగినాయి. నేను రాకపోతే వాణ్ణి మాత్రం కూర్చోబెట్టొద్దని చెప్పినా. "వాణ్ణి కూర్చోబెట్టినావంటే ఇంక నీ ఇంటి గడప తొక్కను సులోచనా," అని కూడా చెప్పినా. అది పాపం సరే అనింది. ఆ మాట ఎందుకు చెప్పినానా అని ఇప్పుడు చెప్పుతో కొట్టుకోవాలని ఉండాది.

ఈసారి వ్యాన్లు, బస్సులు నమ్ముకునే పనే లేదు. మూడు నెలల కింద సెకండ్ హ్యాండ్ కారు కొన్నా కదా, మీకందరికీ లడ్డు కూడా పెట్టినా. ఆ కారులో పొద్దున్నే బయలుదేరితే తిరుపతి నుంచి పలమనేరు ఎంత సేపు? ముహూర్తానికి గంట ముందే పోయి, పీట నేనే వేసుకోని, దాని మీద నేనే కూర్చోవాలని నా ప్లాను.

ఇంక మూడు దినాలు ఉండాదనగా కస్తూరి పూల బుట్టలకు జాగా చూద్దామని డిక్కీలో చాప ఎత్తింది. ఎత్తి, "ఏమయ్యా, ఈడ గుంత ఉండాది, చక్రం లేదే," అనింది. పోయి చూస్తే నిజమే. స్టెప్నీ ఉండాల్సిన గుంతలో ఒక ఎండిపోయిన కొబ్బరి చిప్ప, ఒక పాత చీపురు. మూడు నెలలుగా నేను స్టెప్నీ లేకుండా తిరగతా ఉండా, నాకు తెలీదు. కొనేటప్పుడు టేప్ రికార్డర్ పాడతాందా లేదా చూసినా గానీ, డిక్కీ చాప ఎత్తి చూడలేదు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కారు అమ్మినోడికి ఫోన్ చేసినా. వాడేమన్నాడో తెలుసా? "అన్నా, కారు నాలుగు చక్రాల మీద పోతాదా ఐదు చక్రాల మీద పోతాదా? నాలుగూ ఇచ్చినా కదా," అన్నాడు. ఇంకా ఏదో చెప్పబోయినాడు గానీ నేను తిట్టిన తిట్లకు ఫోన్ పెట్టేసినాడు. మళ్ళా చేస్తే ఎత్తలేదు. ఆ పక్క మొగిలి ఘాటు ఎక్కాల, స్టెప్నీ లేకుండా యాడ పోయేది? సరే, పాతది ఒకటి చూసుకుందామని బైపాస్ రోడ్డులో ఖాదర్ భాయ్ అంగడికి స్కూటర్ వేసుకోని పోయినా.

ఖాదర్ భాయ్ మంచోడు. పాత టైర్లు, పాత రిమ్ములు ఆయన దగ్గర కొండ మాదిరి ఉంటాయి. నన్ను చూసి, "కారు యాడన్నా?" అన్నాడు.

"ఇంటికాడ ఉండాది. స్టెప్నీ కావాల."

"కారు లేకుండా చక్రం ఎట్లా ఇచ్చేది అన్నా? కాలు ఇంట్లో పెట్టి చెప్పులు కొనేదానికి వచ్చినట్టుండాది."

"టైరు మీద నంబరు రాసుకోని వచ్చినా," అని చీటీ చూపించినా.

ఆయన చీటీ చూసినాడు, తల ఊపినాడు. "టైరు నంబరు ఒకటే చాలదన్నా. రిమ్ముకు బోల్టుల తూట్లు ఉంటాయి కదా. ఎన్ని తూట్లు అనేది కాదు, ఈ తూటుకూ ఆ తూటుకూ మధ్య ఎంత దూరం అనేది లెక్క. అది బండి బండికీ మారతాది. ఒగ చక్రం విప్పి తీసుకురా, దాని మీద దీన్ని పెట్టి చూస్తే ఒక్క నిమిషంలో తేలిపోతాది. లేకపోతే పోయి టేపుతో కొలుచుకోని రా."

"కొలుచుకోని వచ్చినా," అన్నా నేను.

"ఎంత?"

"ఎదురెదురు బోల్టుల మధ్య బెత్తెడు మీద ఒగ వేలు."

ఖాదర్ భాయ్ నా ముఖం చూసినాడు, నా చెయ్యి చూసినాడు. "బెత్తెడు ఏందన్నా? ఇంచులు చెప్పు," అన్నాడు.

ఇంచులంటే నాకు మండింది. ఎందుకు మండిందో కూడా చెప్పాల. ఆ పొద్దు పొద్దున్నే ఒకామె నా అంగట్లో పది మూరలు కనకాంబరాలు కొని, "మూర కొరతగా ఉండాది, నీ చెయ్యి పొట్టిదా?" అని నలుగురి ముందర అడిగిపోయింది. తిరుచానూరులో ఇరవై ఏండ్లుగా పూలు అమ్మతా ఉండా. నా చేతికి నేనే తూనికల శాఖ. ఆ కడుపుమంట ఇంకా ఆరలేదు, ఈయన వచ్చి నా చేతిని అనుమానిస్తా ఉండాడు. "టేపు నీకు. నాకు చెయ్యి చాలు," అని చెప్పినా.

ఆయన మూడు చక్రాలు దొర్లించి ముందర పెట్టినాడు. ఒకటి తుప్పు పట్టి ఉండాది. ఒకదాని టైరు బోడి గుండు మాదిరి నున్నగా ఉండాది. మూడోది చూడాల మీరు, పెండ్లికొడుకు మాదిరి నల్లగా మెరస్తా ఉండాది, టైరు కూడా గట్టిది. ఖాదర్ భాయ్ తుప్పు పట్టినదాన్ని కాలితో తట్టి, "నువ్వు చెప్పే కారుకు ఇది సరిపోవాల అన్నా. మెరిసేది వేరే బండిది అనిపిస్తాది," అన్నాడు.

"అనిపిస్తాది ఏంది? దానికి నాలుగు తూట్లు లేవా?"

"ఉండాయి."

"నా కారుకు నాలుగు బోల్టులు లేవా?"

"ఉండాయన్నా, కానీ..."

వంగి కొలిచినా. ఈ తూటు మీద చిటికెన వేలు పెట్టి, బెత్తెడు ఆనించి, ఒగ వేలు పెట్టినా. అచ్చం కొలిచినట్టు సరిపోయింది. తుప్పుదాన్ని కూడా కొలిచినా, అది రవ్వంత తక్కువగా వచ్చింది. "సూడు, నీ తుప్పుదే సరిపోదు," అని చెప్పి మెరిసేదాన్ని ఎత్తుకున్నా. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని మీకు తెలుసు కదా. ఖాదర్ భాయ్ చక్రాన్ని నా స్కూటరుకు తాడుతో కట్టేటప్పుడు కూడా, "ఇంటికి పోయినాక ఒక్కసారి బిగించి చూసుకో అన్నా. సరిపోకపోతే రేపు తీసుకురా, మార్చి ఇస్తా," అని చెప్పినాడు. అంతకంటే ఏ వ్యాపారస్తుడు చెప్తాడప్పా?

బిగించి చూసినానా? చూసింటే ఈ కత చెప్పే పనే లేదు. తెచ్చి గుంతలో పడేసి, చాప కప్పేసినా. కస్తూరి రెండు తూర్లు అడిగింది, "ఆ చక్రం సరిపోయిందా?" అని. "సరిపోకుండా యాడికి పోతాది?" అన్నా.

బేస్తవారం పొద్దున్నే ఆరున్నరకు బయలుదేరినాం. వెనక సీటు నిండా పూలు. బిడ్డకు పట్టు పావడ, మా చెల్లెలికీ బావకూ బట్టలు, మేనమామ సారె అంతా పళ్ళెంలో సర్దుకోని కస్తూరి దాన్ని ఒళ్ళో పెట్టుకోనింది. చిత్తూర్లో ఆగి ఇడ్లీ తిన్నాం. తొమ్మిదికి బంగారుపాళెం దాటినాం. "చూసినావా, పదికంతా ఇంట్లో ఉంటాం," అని నేనంటా ఉండా. మొగిలి ఘాటుకు ముందర ఎదురుగా ఒగ ట్రాక్టరు నడిరోడ్డు మీదికొచ్చింది. దాన్ని తప్పించబోయి రోడ్డు దిగినా. రోడ్డు అంచులో కొట్టి పడేసిన కంకర రాయి ఒకటి ఉండాది. టప్ అనింది.

దిగి చూస్తే ముందర ఎడమ పక్క టైరు. మామూలు పంచరైనా బాగుండు, టైరు పక్క భాగం చీలిపోయింది. దానికి అతుకు వెయ్యలేరు. కస్తూరి ముఖం వాడిపోయింది. నేను మాత్రం నవ్వినా. నిజంగా నవ్వినా. "ఇందుకే స్టెప్నీ కొనింది నేను. పది నిమిషాలు కూర్చో," అని చెప్పి లుంగీ ఎగ్గట్టినా.

జాకీ పెట్టినా, కారు ఎత్తినా, చినిగిపోయిన చక్రం విప్పినా. అంతా ఎనిమిది నిమిషాల్లో. అప్పటికి తొమ్మిదిన్నర. పెండ్లికొడుకును ఎత్తుకొచ్చి బోల్టుల మీద పెట్టినా. పైన బోల్టు తూటులోకి పోయింది. కింద బోల్టు పోలేదు. కిందది పెట్టినా, పైనది బయటికొచ్చింది. ఎడమ పక్కది పెడితే కుడిది రాదు. తిప్పి పెట్టినా. బోర్లించి పెట్టినా. కాలితో తన్నినా. రాయి తీసుకోని కొట్టినా. చక్రాన్ని కొడతా ఉంటే దెబ్బలు కారుకు తగిలి జాకీ ఊగింది. "యోవ్, కారు మీద పడతాది," అని కస్తూరి అరిచింది. "నోరు మూసుకో," అని నేనూ అరిచినా. ఇట్ల అరగంట. అరగంట అప్పా. ఒగ బండి ఎక్కింటే ఆ అరగంటలో పలమనేర్లో ఉండేవాణ్ణి. కానీ చక్రం నా మాట వినకుండా ఉండాది కదా, దాన్ని వదిలిపెట్టి ఎట్ల పోయేది?

ఒగ లారీ ఆగింది. వేలూరు పక్క డ్రైవరు, దిగి వచ్చి నా అవస్థ చూసినాడు. "ఏం సార్, రాయితో కొడతా ఉండారే?" అన్నాడు.

"బోల్టులు రవ్వంత వంగినాయి, సరి చేస్తా ఉండా."

ఆయన చక్రం చూసినాడు, బోల్టులు చూసినాడు, లారీలోంచి టేపు తెచ్చినాడు. కారు బోల్టుల మధ్య కొలిచినాడు. నాలుగు ఇంచులు. నా పెండ్లికొడుకు తూట్ల మధ్య కొలిచినాడు. నాలుగున్నర ఇంచులు. "ఇది మీ బండి చక్రం కాదు సార్. ఎవరో మిమ్మల్ని మోసం చేసినారు," అన్నాడు.

"ఎవరూ మోసం చెయ్యలేదు," అనింది కస్తూరి. అప్పటిదాకా పళ్ళెం పట్టుకోని గమ్మున ఉండినామె, పళ్ళెం సీట్లో పెట్టి దిగింది. "ఆయనే చేత్తో కొలుచుకోని తెచ్చినాడు."

"నేను సరిగ్గానే కొలిచినా," అన్నా.

"నువ్వు సరిగ్గా కొలిచేది నాకు తెలీదా? పూలు కట్టి తెచ్చే ఆడోళ్ళ దగ్గర తీసుకునేటప్పుడు నీ మూర ఇంత పొడుగు సాగతాది. ఆ పూలే గుడికొచ్చేవాళ్ళకు అమ్మేటప్పుడు నీ మూర ఇంతకు కుంగిపోతాది. ఇరవై ఏండ్లుగా చూస్తా ఉండా. కారుది ఉన్నట్టు కొలిచినావు. చక్రం కొనేది కదా, చెయ్యి దానంతటదే సాగిపోయింది. నాలుగున్నర ఇంచులు కూడా నీకు నాలుగే అనిపించింది."

లారీ డ్రైవరు ముఖం ఆ పక్క తిప్పుకున్నాడు. భుజాలు ఊగతా ఉండాయి. నేను చేతిలో రాయి కింద పడేసినా. ఎందుకంటే అది నిజం. నేను కావాలని చేసేది కాదప్పా, సత్యంగా కాదు. తీసుకునేటప్పుడు వేళ్ళు వాటంతటవే విచ్చుకుంటాయి, ఇచ్చేటప్పుడు మోచెయ్యి దానంతటదే వంగుతాది. ఖాదర్ భాయ్ అంగట్లో కూడా అట్లే విచ్చుకున్నట్టుండాయి. అంత కోపం నాకు జన్మలో రాలేదు, అదీ నా చేతి మీద. దాన్ని ఏం చెయ్యాల, తిట్టేదానికి కూడా కాదు.

పదీ అయిదుకు చెల్లెలికి ఫోన్ చేసినా. సంగతి చెప్పినా. "మీ కారు, గోవిందన్న కారు ఒకటే కదా అన్నా. ఆయన ఈడనే ఉండాడు, ఆయన స్టెప్నీ ఇచ్చి పంపిస్తా," అనింది.

"వాడొద్దు."

"వాడొద్దంటే ఎట్లన్నా? కూర్చోబెట్టొద్దన్నావు, సరే అన్నా. చక్రం కూడా తేకూడదా?"

"వేరే ఎవరినన్నా పంపించు."

"వేరే ఎవరి దగ్గరన్నా మీ కారుకు సరిపోయే చక్రం ఉంటే కదా పంపించేది," అని ఫోన్ పెట్టేసింది.

కస్తూరి, "నువ్వు బస్సెక్కి పో, కారు కాడ నేనుంటా," అనింది. ఆ మాటా విన్నా. రోడ్డుకు అడ్డంగా నిలబడి చెయ్యి ఎత్తినా. బస్సు డ్రైవరు నన్ను చూసి వాడూ చెయ్యి ఎత్తి, నవ్వి, పోయినాడు. రెండో బస్సు ఆ మాత్రం కూడా చెయ్యలేదు. ఆటోలన్నీ నిండుగా పోతా ఉండాయి. కట్టింది లుంగీ, చేతుల నిండా గ్రీసు, పక్కన మూడు కాళ్ళ కారు. నన్ను ఎక్కించుకునేది ఎవరు?

పదీ ముప్పై అయిదుకు గోవిందు వచ్చినాడు. పట్టు పంచె, సెంటు, చేతికి వాచీ. ఫంక్షనుకు తయారై ఉన్నోడు అట్లే వచ్చేసినాడు. దిగీ దిగగానే నా చక్రం చూసినాడు. "ఇది యాడ దొరికిందిరా మునీ?" అన్నాడు. నేను పలకలేదు. కస్తూరి చెప్పింది, చేతి కొలతతో సహా. వాడు నవ్వతాడేమో, నవ్వితే ఆ రాయి వాడి నెత్తిన వెయ్యాలని చూస్తా ఉండా. వాడు నవ్వలేదు. పట్టు పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టుకోని, మట్టిలో కూర్చోని, వాడి స్టెప్నీని బోల్టుల మీద పెట్టినాడు. నాలుగూ ఒక్కసారే తూట్లలోకి పోయినాయి. కుక్కిన పేను మాదిరి కూర్చునింది చక్రం.

"సరిపోయింది సూడు," అన్నాడు నట్లు బిగిస్తా.

ఆ మాట నాకు పుండు మీద కారం చల్లినట్టుండింది. అప్పుడు నా బుర్రలో ఇంకో ఆలోచన వచ్చింది, దాంతో కోపం కాస్త చల్లారింది. వీడు ఈడ మట్టిలో కూర్చోనుండాడు. అంటే ఆడ పీట మీద లేడు. ఇంక నా జాగాలో కూర్చునేదానికి ఎవడూ లేడు. "గోవిందూ," అన్నా. నాలుగేండ్లకు వాడి పేరు నా నోట్లో వచ్చింది. "నువ్వు ఈడుంటే, నేనూ ఈడుంటే, ఇంక బిడ్డను ఒళ్ళో పెట్టుకునేదెవరు? మనం పోయేదాకా కాచుకోవాల్సిందే కదా."

వాడు వాచీ చూసినాడు. "ముహూర్తం కాచుకుంటాదారా?" అన్నాడు. టైము పదీ నలభై ఐదు.

ఇంక మేం ఎట్ల పోయినామో అడగొద్దండి. ముందర వాడి కారు, వెనక నా కారు, ఘాటులో లారీల మధ్య దూరి పోయినాం. కస్తూరి పళ్ళెం పట్టుకోని దేవుళ్ళను పిలిచింది. సులోచనకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. పలమనేర్లో రైతుబజారు కాడ ట్రాఫిక్కు. ఇంటి ముందర బండి ఆపేసరికి పదకొండూ పది. ఆచారి స్కూటరు మీద ఎదురొచ్చినాడు, పెట్టె ముందర పెట్టుకోని. నన్ను చూసి తల ఊపి, పోయినాడు.

గ్రీసు చేతులతో లోపలికి పరిగెత్తినా. హాల్లో పీట వేసుండాది. పీట మీద ఒగ మనిషి. కొత్త పంచె, కొత్త తువ్వాలు, నొసట ఇంత కుంకుమ. వాడి ఒళ్ళో మా మేనకోడలు, చెవులకు బంగారు తీగ, తీగ చుట్టూ పసుపు. ఏడుపు లేదు, పాడు లేదు. వాడి మీసం పట్టుకోని లాగి కిలకిలా నవ్వతా ఉండాది. వాడి పక్కనే రెండు పాల డబ్బాలు.

రెడ్డెప్ప. ఇంటింటికీ పాలు పోసే రెడ్డెప్ప.

"ఎవుర్రా నిన్ను ఈడ కూర్చోమనింది?" అని నేను అరిచిన అరుపుకు వంటింట్లో గరిటె కిందపడింది.

"నేను కూర్చోలేదన్నా. కూర్చోబెట్టినారు," అన్నాడు రెడ్డెప్ప, లేవకుండానే. లేస్తే బిడ్డ మీసం వదలదు.

సులోచన బయటికొచ్చింది. కండ్లు ఎర్రగా ఉండాయి, ఏడిచినట్టుండాది. "సొంత అన్నను నేనుండగా పాలాయన్ను కూర్చోబెడతావా?" అని దాని మీదికి పోయినా.

"నువ్వెక్కడుండావన్నా?" అనింది. గొంతు పెంచకుండానే అనింది, అదే నాకు ఎక్కువ తగిలింది. "పదీ యాభై అయింది. ఆచారి పెట్టె సర్దతా ఉండాడు. గోవిందన్నను నీకోసమే పంపించినా. ఇంక ఎవరున్నారు? ఎదురింటి సారు ఉండినాడు, మంచోడే, కానీ ఆయన నన్ను మేడం అంటాడు. మేడం కూతురికి మామ ఎట్లవుతాడు? టెంటు వేసినాయన్ను అడుగుదామంటే ఆయన వదినా అంటాడు. వదినా అనేవాడు బిడ్డకు చిన్నాయన అవుతాడు కానీ మామ కాడు. మా అత్త అందర్నీ ఒకరి తర్వాత ఒకర్ని చూసింది, ఎవరూ కుదరలేదు. అప్పుడు రెడ్డెప్ప గేటు కాడ నిలబడి, 'అక్కా, పాలు' అన్నాడు."

"అంటే?"

"అంటే ఏందన్నా? అక్కా అని పిలిచేవాడు నాకు తమ్ముడు. తమ్ముడు నా బిడ్డకు మామ. ఐదేండ్లుగా దినామూ రెండు పూటలూ అక్కా అంటా ఉండాడు. మా అత్త ఇంకోసారి అక్కా అని పిలిపించి మరీ చూసింది. అప్పుడే కూర్చోబెట్టినాం. నీ మాదిరి చేత్తో కొలిచి తేలేదు."

నా వెనకాల గోవిందు నవ్వినాడు. చక్రం కాడ ఆపుకున్న నవ్వంతా ఆడ నవ్వినాడు. కస్తూరి కొంగు నోటికి అడ్డం పెట్టుకోనింది. నాకేమో ఏడుపొస్తా ఉండాది. అంత కోపంలో ఏడుపు వస్తే మనిషి ముఖం ఎట్లుంటాదో మీరే ఊహించుకోండి.

సులోచనకు జాలేసింది. "చేతులు కడుక్కోని రా అన్నా. చెవులు కుట్టేది అయిపోయినా, మామ ఒళ్ళో కాసేపు కూర్చోవచ్చు కదా," అనింది. సబ్బేసి మూడు తూర్లు కడుక్కున్నా. పట్టు పంచె కట్టుకున్నా. రెడ్డెప్ప మర్యాదగా లేచి, పీట తువ్వాలుతో తుడిచి, "రా అన్నా, నీ జాగా," అన్నాడు. మీసం మీద బిడ్డ వేళ్ళు ఒక్కొక్కటే విడిపించి, బిడ్డను తెచ్చి నా ఒళ్ళో పెట్టినాడు.

బిడ్డ నా ముఖం చూసింది. రెడ్డెప్ప ముఖం చూసింది. మళ్ళా నా ముఖం చూసి, సూది గుచ్చినప్పుడు కూడా ఏడవని బిడ్డ, వీధి చివరిదాకా వినిపించేటట్టు ఏడ్చింది. ఊపినా, ఎత్తినా, పూలు చూపించినా, ఆపలేదు. రెడ్డెప్ప చెయ్యి చాపితే టక్కున ఆపి వాడి మీదికి దూకింది.

మీరందరూ కార్లు నడిపేవాళ్ళే కదా, చెప్పండి. స్టెప్నీ విప్పేసి అసలు చక్రం బిగిస్తే ఏడ్చే బండిని ఎవరన్నా యాడన్నా చూసినారా?